పులి కడుపులో మెరుగురాయి

మా లోమా కొలరాదాలో పెట్రొనీలా బ్రిసేన్యో ఇల్లు ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. ఎర్రకొండ దిగి, వాగు దాటాక, పెద్ద బాన బోర్లించినట్టు ఓ మట్టి ఆవం కనిపిస్తుంది. అక్కడ ఆగితే చాలు. ఆవిడే ఎదురొచ్చి, కాఫీ గిన్నె చేతిలో పెట్టి, తన గొప్పలు మొదలుపెడుతుంది.

అన్నీ చెప్పుకోదగ్గ గొప్పలే. తొమ్మిదో ఏట మొదటి గిన్నె కాల్చింది. ఇప్పుడు డెబ్భై ఒకటి. మా వైపు కుండకి సారె వాడరు. మట్టిముద్దని చెక్క మీద నిలబెట్టి, మొక్కజొన్న కండెతో దొర్లిస్తూ, సొరబుర్ర చిప్పతో గీకుతూ, మనిషే దాని చుట్టూ తిరగాలి. తను తిరిగిన తిరుగుళ్ళన్నీ కలిపితే రాజధానికి పదిసార్లు నడిచి వెళ్ళొచ్చినంత అవుతుందని పెట్రొనీలా లెక్క. పెద్ద వరద వచ్చిన ఏడు ఎడ్లబండిలో ఎనభై కూజాలు గడ్డిలో సర్ది పట్నం తీసుకెళ్తే ఒక్కదానికి మూతి కూడా చెక్కు పోలేదు. బిషప్పుగారు కాఫీ తాగే గిన్నె ఈవిడ చేసిందే. ముగ్గురు కొడుకుల్ని ఈ మట్టితోనే పెంచింది. ఊరి బళ్ళో మూడో తరగతితో చదువాపినా, పూతకి తెల్లమట్టి ఎక్కడ తవ్వాలో, కురియోల్ ఎర్రరాయి ఎంత మెత్తగా నూరాలో పట్నంలో చదువుకున్నవాళ్ళు వచ్చి ఆవిణ్ణే అడిగి రాసుకుపోతారు.

రాజధానికి ఒక్కసారే వెళ్ళింది. అక్కడి పాత బంగారం చూపించే భవనంలో మా పూర్వులు పోతపోసిన బంగారు కప్పలు, రెక్కలు చాచిన గద్దలు, మొసలి తల మనుషులు అద్దాల వెనక దీపాల కింద మెరుస్తుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూశారట. పెట్రొనీలా మాత్రం వాటిని దాటుకుని వెళ్ళి మూలనున్న కుండపెంకుల దగ్గర గంటసేపు నిలబడింది. కాపలావాడు అనుమానంగా వచ్చి అడిగితే, ఈ ఎరుపు మా కొండదే నాయనా అని చెప్పి, ఆ పెంకుకి పూత ఎన్నిసార్లు వేశారో, చివర్న మెరుగు పెట్టిన చెయ్యి ఎందుకు తొందరపడిందో అతనికి వివరించింది.

బంగారమంటే ఆవిడకి చిన్నచూపుండడానికి కారణముంది. ఆవిడ అమ్మమ్మ క్లెయొతీల్దె కాలంలో పాతసమాధులు తవ్వేవాళ్ళు కొండ అంతా గోతులు చేసేశారు. ఒక గోతిలో బొటనవేలంత బంగారు గద్ద దొరికింది. దాన్ని అమ్మేసుకున్నారు. నెల తిరక్కుండానే అది కరిగిపోయి రేవు పట్నంలో ఎవరి పన్నుకో తొడుగైంది. ఆ గోతిలోంచే బయటికి విసిరేసిన చెత్తలో క్లెయొతీల్దెకి ఒక రాయి దొరికింది. పావురం గుడ్డంత, తేనెరంగు, ఒకవైపు బొటనవేలు కుదురుకునేలా అరిగిన పల్లం. ఏ తల్లో వెయ్యేళ్ళ కింద కుండలకి మెరుగుపెట్టిన రాయి. దాన్ని ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చింది. అప్పటి నుంచి ఆ రాయి ఒక్కరోజు ఖాళీగా లేదు. క్లెయొతీల్దె తర్వాత ఆవిడ కూతురు, తర్వాత పెట్రొనీలా.

మా ఊళ్ళో మెరుగురాయి చేతులు మారడానికో పద్ధతుంది. పిల్ల తన సొంత ఆవం కట్టుకుని, మొదటిసారి దాన్ని పేర్చే ముందు, పెద్దావిడ రాయిని ఆమె చేతిలో పెడుతుంది. ఇచ్చాక తిరిగి అడగకూడదు. ఎవరి రాయి పుచ్చుకుంటే ఆ ఇంటి చెయ్యి అని ఊరు అనుకుంటుంది. పెట్రొనీలాకి కూతుళ్ళు లేరు. పెద్దకొడుకు కూతురు యొర్లేని మటుకు చిన్నప్పటి నుంచీ మట్టి వదిలేది కాదు. బళ్ళో పిల్లలకి వంట చేసే ఉద్యోగం చూసుకుంటూనే, ఇరవై ఆరో ఏట, మొగుణ్ణి బతిమాలి పెరట్లో ఆవం కట్టించుకుంది. జూలై పండగ ముందు శనివారం మొదటి ఆవం పేరుస్తానని ఊరంతా చెప్పింది. శుక్రవారం లోపు రాయి ఆమె చేతికి రావాలి.

సరిగ్గా ఆ రాయే కనపడకుండా పోయింది.

ఎలా పోయిందంటే, పండగ పోటీకని పెట్రొనీలా ఒక పులిని చేసింది. మోకాలెత్తు మచ్చలపులి, వెనక్కాళ్ళ మీద కూర్చుని పళ్ళు చూపిస్తూ ఉంటుంది. ఒళ్ళు వేరుగా, తల వేరుగా చేసింది. రెండింటికీ తెల్లపూత వేసి, రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసి, ఎరుపూ నలుపూ మచ్చలు దిద్దింది. పాతకాలం మట్టిపులుల కడుపులో మట్టిగుండ్లుంటాయి, కదిపితే గలగలమంటాయి. ఈవిడా గుండ్లు చేసి, తడిగుడ్డలో మూటకట్టి పక్కన పెట్టుకుంది. ఆ తడిగుడ్డలోనే, మెరుగుపని అయిపోయిందని, రాయినీ చుట్టి పెట్టింది. తల అతికించే సమయానికి కొండ మీద మబ్బు కమ్మింది. గబగబా గుడ్డ విప్పి పులి మెడలోంచి కడుపులోకి దులిపేసి, తల పెట్టి, అతుకు మీద మట్టిపూసల హారం చుట్టేసింది. హారానికి మెరుగు అక్కర్లేదు. అందువల్ల పులిని ఆరబెట్టి, కాల్చి, కదలకుండా గడ్డిలో సర్ది పట్నం పంపేదాకా పది రోజులు రాయితో పనే పడలేదు.

పని పడ్డ రోజు ఇల్లు తలకిందులైంది. మొదట కోడిపెట్టని అనుమానించింది. తర్వాత మొగుడు ఎవరిస్తోని. ఆయన కొయోల్ తాటిచెట్టు కాయలు పగలగొట్టడానికి చేతికందిన రాయల్లా తీసుకుంటాడు. ఆయన జేబులు వెతికించుకుని, బూట్లు దులిపించుకుని, చివరికి కొయోల్ కల్లు తాగుతూ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆఖరికి అనుమానం వీధి అవతలి ఫిదెలీనా మీదికి పోయింది. ఫిదెలీనా కూడా పేరున్న చెయ్యే. నలభై ఏళ్ళుగా ఇద్దరికీ ఒకరి కుండ ఒకరికి నచ్చదు, ఒకరి కాఫీ లేకుండా ఒకరికి పూట గడవదు. పెట్రొనీలా వెళ్ళి ఊరికే వచ్చినట్టు కూర్చుని, కళ్ళతో అరలన్నీ వెతికింది.

ఫిదెలీనా మొక్కజొన్న చేగోడీల పళ్ళెం ఆవిడ ముందుకు తోసింది.

“నా రాయి నాకుంది ఒదినా. నీ రాయి ఎత్తుకుపోవాలంటే ముందు నీ నోరు దాటుకు రావాలి. అది నా తరమా?”

పెట్రొనీలా నాలుగు చేగోడీలు తిని ఇంటికొచ్చింది.

పోటీ ఫలితం చెప్పే రోజు పట్నం పురపాలక భవనం కిటకిటలాడింది. పులికే మొదటి బహుమతి. ఇంతవరకూ మా ఊళ్ళో ఎవరికీ రాలేదు. న్యాయనిర్ణేత దొన్ అర్నుల్ఫో పాతకుండల మీద పెద్ద చదువు చదివినాయన. తెల్లచొక్కా నలగకుండా పులిని రెండు చేతుల్తో ఎత్తి, జనం వైపు తిప్పి, మెల్లిగా వంచాడు.

గలగల రాలేదు. ఠక్కు మంది. మళ్ళీ వంచితే, గుండ్ల చప్పుడు మధ్యలోంచి, బరువుగా, లోతుగా, ఇంకోసారి ఠక్కు మంది.

పెట్రొనీలా చెవి పట్టేసింది. అరవై రెండేళ్ళు మట్టితో కాపురం చేసిన చెవి అది. మట్టి మట్టికి తగిలితే ఎలా ఉంటుందో, రాయి మట్టికి తగిలితే ఎలా ఉంటుందో దానికి వేరే చెప్పాలా. కోడిపెట్ట పాపం ఉత్తదే. తన రాయి తన పులి కడుపులో, ఆ హారం కింద, బిగుసుకుని కూర్చుంది.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఇలాంటి గంభీరమైన గొంతు పాతకాలం పులికి కూడా లేదని, దీనికే బహుమతిలో సగం ఇచ్చామని దొన్ అర్నుల్ఫో ప్రకటించాడు. ఇది ఎలా సాధించావమ్మా అని అడిగాడు. అప్పుడు నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ ముందు వరసలో ఫిదెలీనా కూర్చునుంది.

“అది మా ఇంటి రహస్యం అయ్యగారూ,” అంది పెట్రొనీలా.

పులిని అక్కడే అద్దాల బీరువాలో పెట్టారు. దాని కింద ఇత్తడి రేకు మీద పెట్రొనీలా బ్రిసేన్యో, లోమా కొలరాదా అని చెక్కించారు. మా ఊరి కుండ కింద మా ఊరి మనిషి పేరు పడడం అదే మొదలు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు. ఎవరిస్తోకి భయమేసింది.

“బహుమతి కొట్టినదానివి, ఎవరినో పూడ్చి వస్తున్నట్టున్నావేమే?”

చెవిలో చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గి, దగ్గు ఆపుకోలేక ముందుసీటు పట్టుకున్నాడు. డ్రైవరు బస్సాపి నీళ్ళు కావాలా అని అడిగాడు.

ఇంటికొచ్చాక ఎవరిస్తో ఒక ఉపాయం చెప్పాడు. వాగులో రాళ్ళకి కరువా, ఒకటి తెచ్చి పాతగుడ్డలో చుట్టి పిల్లకి ఇచ్చెయ్యమన్నాడు. పెట్రొనీలా ఛీ కొట్టింది. మర్నాడు పొద్దున్నే, ఆయన చూడకుండా, వాగుకి వెళ్ళింది. తేనెరంగుదే దొరికింది. పందికొవ్వు రాసి, గుడ్డతో తుడిచి, నాలుగు రోజులు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో రుద్దింది. చూడ్డానికి పాతరాయికి చెల్లెల్లా ఉంది. అయిదో రోజు ఒక చిన్నగిన్నె మీద పెట్టి చూసింది. పూత మీద పిల్లి గీరినట్టు చారలు పడ్డాయి. వెయ్యేళ్ళు చేతుల్లో అరిగిన నునుపు నాలుగు రోజుల్లో ఎక్కడ్నుంచి వస్తుంది? ఆ రాయిని పెరట్లోకి విసిరికొట్టింది. ఎవరిస్తో దాంతో కొయోల్ కాయలు కొట్టుకున్నాడు, చక్కగా పనికొచ్చింది.

బుధవారం సాయంత్రం యొర్లేని వచ్చింది. బడి వంట వాసన ఇంకా వదలని గౌనుతోనే గుమ్మంలో కూర్చుని, కాసేపు కోళ్ళ గురించీ, మొగుడి గురించీ మాట్లాడింది. తర్వాత తలెత్తకుండా అసలు సంగతి చెప్పింది.

“ఫిదెలీనా అత్త తన రాయి ఇస్తానంటోంది నానమ్మా. ఆవిడకీ కూతుళ్ళు లేరుగా. నాది ఎడమచేతి వాటం కదా, నాకివ్వడం నీకిష్టం లేదేమో. చెప్పెయ్యి, నేనేమీ అనుకోను.”

పెట్రొనీలా చేతిలో పని పక్కన పెట్టింది. ఫిదెలీనా రాయి పుచ్చుకుంటే, రేపటి నుంచి ఈ పిల్ల చేసే ప్రతి గిన్నె ఫిదెలీనా ఇంటి చెయ్యి. క్లెయొతీల్దె ఒళ్ళో వేసుకొచ్చిన రాయి పట్నంలో అద్దం వెనక పులి ఆడుకునే బొమ్మ. అంతకంటే, ఈ పిచ్చిది తన ఎడమచెయ్యి గురించి ఇన్నాళ్ళూ కుమిలిపోయిందన్నమాట.

“నీ ఎడమచేతికేం. నా కుడిచెయ్యి పడ్డ తిప్పల ముందు అదెంత,” అని మొదలుపెట్టి, మబ్బు, తడిగుడ్డ, పులి మెడ, అంతా చెప్పేసింది.

యొర్లేని మోకాళ్ళలో ముఖం దాచుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుంది పెట్రొనీలా, కాదు.

“అందుకేనా దొన్ అర్నుల్ఫో అంత మురిసిపోయాడు,” అంది పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. “పోనీలే నానమ్మా. నీ పేరు అక్కడుంది. పులినేం చెయ్యొద్దు. నేను చెంచా వెనకవైపుతో రుద్దుకుంటా, ఈ రోజుల్లో సగం మంది అంతేగా.”

చెంచా అన్న మాట విన్నాక పెట్రొనీలా ఇక ఆగలేదు. గురువారం మొదటి బస్సుకి చర్చికి కట్టుకునే నీలం గౌను వేసుకుని తయారైంది. ఎవరిస్తో వెంట నడిచాడు. యొర్లేని బడికి సెలవు పెట్టింది. బస్సు కదలబోతుంటే ఫిదెలీనా కూడా ఎక్కి కూర్చుంది, తనకి పట్నంలో దారం కొనే పనుందట.

బీరువా తాళం దొన్ అర్నుల్ఫో దగ్గరే ఉంటుంది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టాడు. పులి తిరిగి కావాలంటే కుదరదన్నాడు. అదిప్పుడు అందరి సొత్తు, బీరువా తెరవాలంటే అర్జీ ఉండాలి, అర్జీలో కారణం ఉండాలి. ఏమని రాయమంటారని కలం తీశాడు. పెట్రొనీలా ఒకసారి ఫిదెలీనా వైపు చూసింది. ఫిదెలీనా దారం సంగతి మర్చిపోయి చెవులు రిక్కించుకుని కూర్చుంది.

“రాయండి అయ్యగారూ. ముసల్ది మతిమాలి తన రాయిని పులి కడుపులో పెట్టి కాల్చింది. రహస్యమూ లేదు, పాడూ లేదు. మీరు మెచ్చుకున్న గొంతు నా పొరపాటుది. బహుమతి వెనక్కి తీసుకోండి. రాయి మటుకు నాకు కావాలి, శనివారం నా మనవరాలు ఆవం పేరుస్తోంది.”

ఆయన కలం కాగితం మీద ఆగిపోయింది. మన అయిదుగురికీ తప్ప ఎవరికీ తెలీదు కదా, వదిలెయ్యరాదా, అంత అందమైనదాన్ని పగలగొట్టడమెందుకు అన్నాడు. అద్దం కోసే పనివాణ్ణి పిలిపించి అడుగున చిన్న కంత పెట్టిద్దామన్నాడు. కాలిన మట్టికి అంత కంత పెడితే బీట ఎటు పోతుందో దేవుడికి కూడా తెలీదని పెట్రొనీలా చెప్పింది. పగిలితే తన చేతిలోనే పగలాలి అంది. ఆయన అర్జీ పూర్తిచేసి సంతకం పెట్టాడు.

పులిని నేల మీద బస్తా పరిచి పడుకోబెట్టారు. గుమాస్తాలు పనులు మానుకుని చుట్టూ చేరారు. పెట్రొనీలా దాని వీపు నిమిరి, వేళ్ళ కణుపులతో మెడ చుట్టూ తట్టుతూ విన్నది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, సుత్తి అందుకుని, హారం మీద ఒక్కటేసింది. తల మాత్రమే ఊడుతుందని ఆవిడ అనుకుంది. ఒళ్ళు కూడా అయిదు పెంకులైంది.

గుమాస్తాలు అయ్యో అన్నారు. పెట్రొనీలా ఒక పెంకు అందుకుని అంచు వైపు చూసింది. ముఖం విప్పారింది. దాన్ని దొన్ అర్నుల్ఫో ముక్కు దగ్గర పెట్టింది.

“చూశారా మందం? నడుం దగ్గరా ఇంతే, తుంటి దగ్గరా ఇంతే. రొట్టె ఒత్తినట్టు లేదూ? పులి పగలక ముందు ఇది మీకెవరికీ తెలీలేదు.”

పెంకులు చేతులు మారాయి. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని అంచులు వేళ్ళతో కొలిచి, ఎక్కడా హెచ్చుతగ్గుల్లేవని ఒప్పుకున్నాడు. చివరి పెంకు ఫిదెలీనా చేతికి వెళ్ళింది. ఆవిడ దాన్ని వెలుతురుకి పెట్టి, తిప్పి, గోటితో గీకి, తిరిగిచ్చేసింది.

“తుంటి దగ్గర వెంట్రుకవాసి ఎక్కువే ఒదినా,” అంది. కాస్త ఆగి, “మిగతాదంతా నాకు చేతకాదు,” అంది.

నలభై ఏళ్ళలో పెట్రొనీలా ఆ మాట కోసమే ఎదురుచూసినట్టుంది. ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ బహుమతి కంటే ముందు అదే చెబుతుంది.

యొర్లేని అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని మట్టిగుండ్ల మధ్య వెతుకుతోంది. రాయి దొరికింది. పగల్లేదు, బీట లేదు. కానీ తేనెరంగు పోయింది. ఆవంలో కాలి, ఎర్రగా, పండిన దానిమ్మ గింజలా అయింది. పెట్రొనీలా అందుకుని, బొటనవేలు పల్లంలో పెట్టి చూసింది. వేలు ఎప్పటిలాగే కుదురుకుంది. శుక్రవారం దాకా ఆగలేదు. అక్కడే, పెంకుల మధ్య, రాయిని మనవరాలి ఎడమచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

దొన్ అర్నుల్ఫో బహుమతి వెనక్కి తీసుకోలేదు. వచ్చే ఏడు ఇంకో పులి చేసిస్తానని మాట రాయించుకుని పంపాడు.

శనివారం యొర్లేని ఆవంలోంచి పంతొమ్మిది గిన్నెలు దిగాయి. రెండు పగిలాయి, ఒకటి వంకరపోయింది. పదహారు మాత్రం, ముఖం చూసుకోవచ్చు, అంత నునుపు. పెట్రొనీలా ఒక్కొక్కటీ ఎత్తి, ఇంటింటికీ చూపించి, కాల్చిన రాయి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని, మామూలు రాయికీ దీనికీ తేడా ఇదేనని, తను కావాలనే కాల్చినంత ధీమాగా చెప్పుకొచ్చింది.

సోమవారానికి కొత్తపులి ఒళ్ళు తయారైంది. మెరుగు పెట్టాలి. ఆవిడ వీధి దాటి మనవరాలింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, చెయ్యి చాచింది.

“ఒక్క గంట ఇవ్వవే. పులి పొట్ట ఒక్కటి రుద్దుకుని ఇచ్చేస్తా.”

యొర్లేని చేస్తున్న గిన్నె మీంచి తలెత్తలేదు.

“ఇచ్చిన రాయి తిరిగి అడగకూడదని నువ్వేగా చెప్పావు నానమ్మా. పైగా నీకిస్తే ఎక్కడ పెడతావో ఏమో.”

అరుగు మీద కూర్చున్న ఎవరిస్తో మళ్ళీ దగ్గడం మొదలుపెట్టాడు. పెట్రొనీలా నడుం మీద చేతులు పెట్టుకుని మనవరాలి పనిని పైనుంచి కిందికి చూసింది. ఎడమచెయ్యి రాయి మీద గట్టిగా, నెమ్మదిగా, ఒకే వైపుకి వెళ్తోంది. వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు. అంచు దగ్గర కాస్త తడి తగ్గిందని మాత్రం అని, గౌను అంచులు పైకి దోపుకుని, వాగులోకి రాళ్ళు వెతుక్కోవడానికి వెళ్ళింది.